మా బావగారి ఎస్‌ఎస్‌డీ

మా పెద్దక్క మొగుడు, అంటే మా బావగారు, ఏ వస్తువూ ఓ పట్టాన కొనరు. పిసినారి అనుకునేరు, పాపం తగులుతుంది. పెళ్ళిళ్ళకి నిండుగా చదివిస్తారు, ఇంటికొచ్చినవాళ్ళకి స్వీటు పెట్టందే పంపరు. కొనకపోవడానికి కారణం ఒక్కటే, ఆయన ఇంకా తెలుసుకుంటున్నారు. మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. గీజర్ లోపలి రాడ్డు ఏ లోహమో తేలేదాకా చలికాలమంతా చన్నీళ్ళు పోసుకునే బాపతు.

ప్రస్తుతం తెలుసుకుంటున్నది, తన ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించాలా వద్దా అని. ఈ ‘ప్రస్తుతం’ ఎప్పుడు మొదలైందో అక్కకి కూడా గుర్తులేదు. ల్యాప్‌టాప్ 2015 నాటిది, ఐ3. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కు దాని కడుపులో ఉంది. పొద్దున్నే మీట నొక్కి, పాలు కాచి, డికాక్షన్ దించి, కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చునేసరికి తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. లోపల్నుంచి సన్నగా గిర్రుమని శబ్దం, ఉండుండి టిక్కు టిక్కు. అది లేచాక ఆయన చేసే మొదటి పని టాస్క్ మేనేజర్ తెరవడం. డిస్క్ దగ్గర నూరు శాతం అని ముదురు రంగులో కనబడే గడిని జ్వరం చూసినట్టు చూసి, “ఇవాళా నూరే!” అంటారు. ఆ గొంతులో దిగులుండదు, తృప్తి ఉంటుంది.

పోనీ తెలియక ఆగారా అంటే, ఆయనకి తెలిసినంత అమ్మేవాడికి తెలియదు. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరగాలి, చదివే ముల్లు చోటు వెతుక్కుంటూ అటూ ఇటూ పరిగెత్తాలి, ఆ పరుగులోనే కాలమంతా పోతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు, అంతా చిప్పులే. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు బరువు టన్ను దాటితే, అందులో పట్టింది 5 ఎంబీ. ఫ్లాష్ మెమరీ కనిపెట్టింది తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా. ఇవన్నీ మనం భోజనం చేస్తుండగా చెబుతారు, పెరుగన్నం దాకా. చేయి కడుక్కుంటూ, “అయితే వేయించేయండి బావగారూ” అన్నామో, “వేయించొచ్చోయ్. కానీ రాసినకొద్దీ అరుగుతుందట” అంటారు.

ఆ అరుగుదల లెక్క కూడా ఆయనే కట్టారు, డైరీ వెనక పేజీలో, ఒక్క కొట్టివేత లేకుండా. ఆయన చూసిన 250 జీబీ డ్రైవుకి కంపెనీ హామీ 150 టెరాబైట్ల రాత. రోజుకి 20 జీబీ రాసినా 7500 రోజులు, ఇరవయ్యేళ్ళ పైమాట. ఈయన రాసేదేమో పాల లెక్క, గ్యాసు లెక్క, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల మినిట్స్. కిందన రెండు గీతలు గీసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మరి ఆ తర్వాత?” అన్నారు. బావగారికి అరవై ఎనిమిది దాటాయి.

ఓసారి పట్టుబట్టి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి లాక్కెళ్ళాను. కౌంటర్ వెనక కుర్రాడు మూత చూడగానే, “సాటాదే పడ్తది సార్, గంటల ఇచ్చేస్త” అన్నాడు. అంత తొందరగా అయిపోయే పని మా బావగారికి నచ్చదు. టీఎల్‌సీయా క్యూఎల్‌సీయా, డీరామ్ ఉందా లేదా అని మొదలుపెట్టారు. కుర్రాడు పెట్టె తిప్పి తిప్పి చూసి, “వారంటీ ఉంది సార్” అన్నాడు. వీళ్ళకేమీ తెలియదోయ్ అన్నట్టు బావగారు నావంక చూశారు. తీరా ఆయనకి తట్టుకున్నది వేరే. సాటా రకం వేగం సెకనుకి సుమారు 550 ఎంబీ, అదే ఎన్‌వీఎంఈ రకమైతే 3500 కూడా వస్తుంది. ఈ ల్యాప్‌టాప్‌లో అది పడదు. నూరు కూడా సరిగ్గా రాని డిస్కుతో కాపురం చేస్తున్న మనిషి, 3500 లేదన్న బాధతో 550ని వదిలేసి, పక్క సందులో ఇరానీ చాయ్ తాగించి ఇంటికి తీసుకొచ్చేశారు.

ధరల సంగతి అసలెత్తకూడదు. ఈ ల్యాప్‌టాప్ ఇంకా రాకముందు, 2011లో థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగి ప్రపంచమంతటా రేట్లు పెరిగాయి చూడండి, అప్పుడు ఈయన “వరద తీయనీ” అన్నారు. వరద తీసింది, ఈయన కొనలేదు. 2023లో ఎస్‌ఎస్‌డీలు బాగా చవకైతే “ఇంకా పడతాయి, ఆగు” అన్నారు. తర్వాత పెరిగాయి. “ఇంత రేటు పెట్టి ఎవడు కొంటాడు?” అన్నారు. రెండుసార్లూ ఆయన మాటలో తర్కం ఉంది, అదే నాకు ఒళ్ళుమంట.

ఇంకో ఒళ్ళుమంట ఏమిటంటే, మా బంధువుల ఇళ్ళల్లో పాత ల్యాప్‌టాప్‌లన్నిటికీ ఎస్‌ఎస్‌డీ వేసింది ఈయనే. నాదీ ఈయన చలవే. మరచీలలు తీసిన వరసలోనే కాగితం మీద పేర్చి, ఒక్కోదాని పక్కన పెన్సిలుతో అంకె వేసి, పాతదాన్ని కొత్తదానిలోకి క్లోన్ చేసి, తీసిన డిస్కుని కేసులో బిగించి బ్యాకప్‌కి ఉంచుకోమని చేతికిచ్చారు. ఒక్క ఫోటో పోలేదు. రూపాయి పుచ్చుకోలేదు. ఇప్పుడు నాది మీట నొక్కి కుర్చీ లాక్కునేలోపు లేచి కూర్చుంటుంది. “మీకు వద్దంటారు, నాకు వేసిపెట్టారేం?” అంటే, “నీదైతే తేలికోయ్, నీ దాని గురించి నాకంత తెలియదు” అన్నారు.

అక్క మాత్రం ఊరుకోదు. “పెళ్ళిచూపుల్లో నన్ను పది నిమిషాలు చూసి సరేనన్నారు. ఈ డబ్బాకి ఇన్నేళ్ళేమిటండీ?” అంది మొన్న నా ముందే. బావగారు ఆలోచించే జవాబు చెప్పారు, “అప్పుడు ఇంటర్నెట్ లేదు కదే.”

ఎలాగైతేనేం, పోయిన దసరాకి ముహూర్తం కుదిరింది, వేయించేద్దాం అన్నారు. ఇంతలో 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఏమో ఈయన ఐ3ని గడప తొక్కనివ్వదు. ల్యాప్‌టాపే మార్చాలా, ఉన్నదాంట్లో ఎస్‌ఎస్‌డీ వేసి లినక్స్ పెట్టుకోవాలా అన్న కొత్త ప్రశ్న పుట్టింది. వెళ్ళి చూద్దును కదా, మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయినట్టున్నారు. కొత్త డైరీ తీసి, అడ్డంగా గళ్ళు గీస్తూ, తలెత్తకుండానే అడిగారు.

“ఏమోయ్, లినక్స్‌లో ఎన్ని రకాలున్నాయో నీకేమైనా తెలుసా?”