కొత్త కంప్యూటర్‌కి పాత ఆట అలవాటు చేయండి

పాత కంప్యూటర్ ఆట కొత్త మెషిన్ మీద నడవాలంటే ఏం చేయాలని ఎవరినడిగినా ఒకటే చెబుతారు. ఆటని కొత్త మెషిన్‌కి తగ్గట్టు మార్చుకో, వేగం పెంచు, బొమ్మని తెర నిండా సాగదీయి, కష్టమైన చోటు వస్తే దాటేయి అంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఆటని ముట్టుకోవద్దు. కంప్యూటర్నే కిందికి దించండి. ఇంకో షరతు కూడా ఉంది: ఒక్కరే కూర్చుని ఈ పని చేయొద్దు. పక్కన మనిషి లేని రోజున కంప్యూటర్ కట్టేసి వేరే పని చూసుకోండి.

నేను ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఒక్క ఆట గురించే చెబుతాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. 1996లో కాకినాడలో మా అన్నయ్య చేరిన కంప్యూటర్ సెంటర్లో ఆదివారం పొద్దున ఒక గంట ప్రాక్టీసు ఉండేది. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో ఒకే కుర్చీలో ఇద్దరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. బాణాల మీటలు అన్నయ్యవి, షిఫ్ట్ మీట నాది. ఆయన దూకిస్తే నేను అంచు పట్టించాలి. నేను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే రాకుమారుడు కింద మేకుల మీద పడేవాడు. ఆ ఆటని ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లో నడపడానికి నా సలహాలు ఇవి.

1. ముందు అటక ఎక్కండి

ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కదా అని వెంటనే దించుకోవద్దు. ముందు ఇంట్లో వెతకండి. ఈ ఆట చేసిన జోర్డన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన అసలు ప్రోగ్రాం ఎక్కడుందో చాలా ఏళ్ళు దొరకలేదు. 2012లో ఆయన తండ్రి పాత సామాన్ల పెట్టె ఒకటి పంపిస్తే, అందులో ఫ్లాపీలు బయటపడ్డాయి. ఇరవై ఏళ్ళు దాటినా వాటిలోని అక్షరాలు చెరిగిపోలేదు. ఆయన దాన్ని అందరూ చూసుకునేలా బయటపెట్టారు.

మా ఫ్లాపీల పెట్టెని, 2004లో కంప్యూటర్ రిపేరుకిచ్చిన ఒక దుకాణంవాళ్ళు చెత్త అనుకుని పారేశారు. అన్నయ్య టెన్త్ సర్టిఫికెట్ల ఫైల్లో ఒక్కటి మిగిలింది. మీకూ ఒకటి దొరికితే, డ్రైవ్‌లో పెట్టేముందు దాని రేకుమూత పక్కకి జరిపి లోపలి నల్లటి బిళ్ళని వెలుగులో చూడండి. మన సముద్రతీరపు ఊళ్ళలో తేమకి తెల్లగా బూజు పడుతుంది. బూజున్న ఫ్లాపీ పెడితే డ్రైవ్ కూడా పాడవుతుంది. శుభ్రంగా ఉంటే యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవ్ కొనండి. ఒక్క ఆట కోసం అంత ఖర్చా అంటారు ఇంట్లో. అవును, ఒక్క ఆట కోసమే. ఫ్లాపీ చదవకపోతే అప్పుడు ఇంటర్నెట్ వైపు వెళ్ళండి. 2015 మొదట్లో ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండు వేలకి పైగా డాస్ ఆటల్ని బ్రౌజర్లోనే ఆడుకునేలా పెట్టింది. ఆట ఎలా ఉండేదో ఒకసారి చూడాలనుకునేవాళ్ళకి అది చాలు. కూర్చుని ఆడాలనుకునేవాళ్ళు మాత్రం కింది పనంతా చేయాలి.

2. డబుల్ క్లిక్‌తో కుస్తీ పట్టకండి

ఆట ఫైలు మీద రెండుసార్లు నొక్కితే ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్లో నడవదని ఒక పెట్టె వస్తుంది. కంపాటిబిలిటీ మోడ్‌లో విండోస్ 95 ఎంచుకున్నా ఫలితం ఉండదు. ఎందుకో తెలుసుకుంటే ఒక పూట కలిసొస్తుంది. ఆ రోజుల డాస్ ఆటలు చాలావరకు 16 బిట్ ప్రోగ్రాములు. 64 బిట్ విండోస్‌లో వాటిని నడిపే భాగమే లేదు, విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే వస్తుంది. విండోస్ 95 కాలం ఆటలకీ ఇదే చిక్కు తగులుతుంది: ఆట 32 బిట్ అయినా, దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ 16 బిట్ అయితే చాలాసార్లు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

దీనికి మందు డాస్‌బాక్స్. 2002 నుంచీ ఉంది, ఉచితం. అది మీ కంప్యూటర్ లోపల ఇంకో పాత కంప్యూటర్ని కట్టి చూపిస్తుంది: ప్రాసెసరు, సౌండ్ కార్డు, వీజీఏ తెర అన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే. దీనికి బొమ్మల మెనూలు, ఒక్క నొక్కుతో ఆట తెరిచే సదుపాయాలు చాలామంది తయారుచేశారు. అవేవీ పెట్టుకోకండి. నల్ల తెర మీద మౌంట్ సి అని, ఆట ఉన్న ఫోల్డరు దారి మీ వేళ్ళతో కొట్టండి. తర్వాత సి పక్కన కోలన్, ఆ తర్వాత ప్రిన్స్. ప్రతిసారీ కొట్టండి. మా సెంటర్లో సార్ ముందు డాస్ ఆదేశాలు తప్పు లేకుండా కొట్టిస్తేనే ఆట తెరవనిచ్చేవారు. ఆ నాలుగు ముక్కలు కొట్టే వ్యవధిలో పక్కనున్న మనిషి కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

3. వేగం తగ్గించండి

కొత్త మెషిన్ ఎంత వేగంగా నడిస్తే అంత మంచిదనుకుంటాం. పాత ఆటలకి ఆ వేగమే విషం. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ప్రాసెసరు వేగం 4.77 మెగాహెర్ట్జ్. అప్పటి ఆటల్లో చాలావాటికి వేరే గడియారం ఉండేది కాదు, ప్రాసెసరు వేగమే వాటి గడియారం. వేగమైన మెషిన్లు రాగానే బొమ్మలు కంటికి అందకుండా పరిగెత్తాయి. అందుకే కేబినెట్ ముందు టర్బో అనే మీట పెట్టారు. పేరు చూసి వేగం పెంచేదనుకుంటాం గానీ, దాని అసలు ప్రయోజనం పాత ప్రోగ్రాముల కోసం మెషిన్ని నెమ్మదింపజేయడం.

టర్బో పాస్కల్‌లో రాసిన చాలా ప్రోగ్రాములది ఇంకో కథ. అవి మొదలయ్యేటప్పుడు 55 మిల్లీసెకన్లలో కంప్యూటర్ ఒక చుట్టు (లూప్) ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగించి వేగం అంచనా వేసుకునేవి. జవాబు 65,535 లోపే ఉంటుందని రాసినవాళ్ళ నమ్మకం. పెంటియం 2 కాలానికి జవాబు ఆ హద్దు దాటింది, ప్రోగ్రాం రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చెప్పి ఆగిపోయేది.

డాస్‌బాక్స్‌లో కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. ఇలాంటి ఆటలకి అది 3,000 సైకిల్స్ దగ్గర మొదలవుతుంది. మీరు ముందుగా ఎఫ్12 జోలికి పోవద్దు. కొంచెం కొంచెంగా దించుకుంటూ వెళ్ళి, బొమ్మ తడబడే చోటికి వచ్చాక ఒక్క మెట్టు పైకి ఎక్కి అక్కడే ఆగండి. మరీ నెమ్మదైందని మీ పిల్లలు విసుక్కుంటారు. కానీ దూకేముందు పక్కవాడికి “ఇప్పుడు” అని చెప్పడానికి వ్యవధి కావాలి. మీ మెషిన్ మీ మాటకి ఆగినప్పుడు సరైన వేగం దొరికినట్టు.

4. నల్ల పట్టీలు అలాగే వదిలేయండి

ఈ ఆట బొమ్మ అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200. ఆ లెక్కన చూస్తే వెడల్పాటి బొమ్మ. కానీ పాత మానిటర్లు నాలుగుకి మూడు కొలత కాబట్టి ఒక్కో చుక్క వెడల్పు కంటే 1.2 రెట్లు ఎత్తుగా పడేది. కొత్త తెర మీద చుక్కని చతురస్రంగా చూపిస్తే రాకుమారుడు పొట్టిగా నలిగినట్టు కనిపిస్తాడు. తెర నిండా సాగదీస్తే మరీ అన్యాయం. డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైల్లో రెండర్ అనే భాగం కింద యాస్పెక్ట్ ఎదురుగా ట్రూ అని రాయండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. ఎవరెన్ని చెప్పినా వాటిని పూడ్చకండి.

ఆ నడక, ఆ పరుగు ఒక మనిషివి. మెక్నర్ 1985లో తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లటి వదులు బట్టలు వేయించి, పరిగెత్తించి, దూకించి, గోడలు ఎక్కించి వీడియో తీశాడు. ఆ వీడియోలోంచి ఒక్కో భంగిమా తీసుకుని ఆట బొమ్మలు గీశాడు. మనం తెర మీద పరిగెత్తిస్తున్నది ఒక అన్న తీసిన తమ్ముడి పరుగు. దాన్ని నలపకూడదు, సాగదీయకూడదు.

5. ఇయర్‌ఫోన్లు తీసేయండి

ఈ ఆటకి సంగీతం కట్టింది మెక్నర్ తండ్రి ఫ్రాన్సిస్. ఇంట్లోవాళ్ళు చేసిన సంగీతం ఇంట్లోవాళ్ళంతా వినాలి. ల్యాప్‌టాప్ స్పీకర్ చాలు.

6. షిఫ్ట్ మీటని రక్షించుకోండి

ఈ ఆటలో ప్రాణం షిఫ్ట్‌లో ఉంది. పట్టుకుని నడిస్తే అడుగు మెల్లగా పడుతుంది, గాల్లో పట్టుకుంటే చేయి అంచుని పట్టుకుంటుంది, కత్తి దూసి ఉంటే వేటు పడుతుంది. కానీ విండోస్‌లో షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ కావాలా అని ప్రశ్న వస్తుంది. సరిగ్గా కత్తియుద్ధం మధ్యలో వస్తుంది. ఆడేముందే సెట్టింగుల్లో కీబోర్డు భాగానికి వెళ్ళి ఆ షార్ట్‌కట్ ఆపేయండి. నేను ఆపమని చెప్పే కొత్త సదుపాయం ఇదొక్కటే, ఎందుకంటే ఇది తమ్ముడి చేతిలో మీటని లాక్కుంటోంది.

రెండో కీబోర్డు, జాయ్‌స్టిక్ తగిలించొద్దు. ఒకే కీబోర్డు, నాలుగు చేతులు. మోచేతులు తగలాలి.

7. గంటని గంటగానే ఉంచండి

రాకుమార్తెని రక్షించడానికి 60 నిమిషాలే. ఈ గడువు పెంచే రహస్య మాటలున్నాయి, ఎక్కడ పడితే అక్కడ ఆటని భద్రపరిచే పద్ధతులూ వచ్చాయి. వాడొద్దు. షిఫ్ట్ పట్టుకుని ఎల్ నొక్కితే మొదటి అంచెలు దాటేయొచ్చు గానీ గడియారంలో 15 నిమిషాలే మిగులుతాయి. ఆట చేసినవాడే అక్కడ హద్దు గీశాడు. పిల్లల ట్యూషను, కుక్కరు కూతలు, వచ్చే ఫోన్లు అన్నీ పక్కన పెట్టి ఇద్దరు ఒక గంట కదలకుండా కూర్చోవడం ఈ రోజుల్లో ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ కష్టం పడమనే చెబుతున్నాను.

8. చిక్కుకి జవాబు మనిషినే అడగండి

పోయిన వేసవిలో అన్నయ్య కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. బాణాలు వాడికిచ్చాను, షిఫ్ట్ నేనుంచుకున్నాను. పది రోజులు ఓడిపోయాక పన్నెండో అంచెకి చేరాం. అక్కడ రాకుమారుడి నీడ కత్తి దూసి ఎదురొస్తుంది. ఆపిల్ 2లో కొత్త శత్రువుని గీయడానికి మెమరీ చాలక, మెక్నర్ రాకుమారుడి బొమ్మల్నే మార్చి ఆ నీడని పుట్టించాడు.

“కొట్టు బాబాయ్!” అన్నాడు వాడు. కొట్టాను. కింద మా ప్రాణం చూపే ఎర్ర త్రికోణమే ఒకటి తగ్గింది.

“వాణ్ణి కొడితే మనకెందుకు తగ్గుతోంది?”

వాడి చేయి ఫోన్‌లో వెతకడానికి వెళ్ళింది. “వెతకొద్దు నాన్నా, మీ నాన్నకి ఫోన్ చెయ్” అన్నాను. అన్నయ్య ఆఫీసులో ఉన్నాడు. సంగతి విని రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత, “కింది బాణం నొక్కు. కత్తి లోపల పెట్టేయ్. పెట్టేసి వాడికి ఎదురెళ్ళు” అన్నాడు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఆట ముట్టుకోని మనిషి.

వాడు కింది బాణం నొక్కాడు. నీడ కూడా కత్తి దించింది. ఇద్దరూ పరిగెత్తుకొచ్చి ఒక్కటయ్యారు. రాకుమార్తెని బంధించిన జాఫర్ దగ్గరికి చేరేలోపే గంట అయిపోయింది. రాకుమార్తెని ఈసారీ రక్షించలేకపోయాం.

సంక్రాంతికి అన్నయ్య వస్తానన్నాడు. కుర్చీ ఒకటే ఉంచాను, రెండోది గది బయట పెట్టేశాను.