నేను ఎట్టీ నోటుపుస్తకాన్ని

నా మీది రాత చూసి పబ్లిషర్లు హడలిపోయారు. కోడి గెలికినట్టుంటుంది మరి. ఎట్టీ హిల్లెసుమ్ కలం కంటే ఆమె ఆలోచనకే పరుగెక్కువ.

1941 మార్చిలో, నాజీల గుప్పిట్లో ఉన్న అమ్‌స్టర్‌డామ్‌లో మా వరస మొదలైంది. ఎట్టీకి అప్పుడు 27 ఏళ్లు. అరచేయి చూసి మనసు చదివే యూలియుస్ ష్పీర్ చెబితే డైరీ పట్టింది. మొదట్లో అంతా తలనొప్పులు, ఆస్పిరిన్ మాత్రలు, ప్రేమలు, ఈర్ష్యలు. ఇప్పుడామెను దేవతను చేసి బొమ్మ గీసేవాళ్లు ఆ పేజీలు తిప్పినట్టు లేదు.

దేవుడి మాటెత్తడానికే బిడియపడే ఆ యూదు పిల్ల, స్నానాలగదిలో గరుకు కొబ్బరిపీచు పట్టా మీద మోకరిల్లడం నేర్చుకుంది. ప్రేమ సంగతులు దాపరికం లేకుండా రాసింది కానీ, ఈ ముచ్చట రాయడానికి మాత్రం సిగ్గుపడింది. 1942 జులైలో యూదుల్ని రైళ్లకెక్కించడం మొదలుపెట్టారు. ఆ నెలలోనే ఆమె రాసుకున్న ప్రార్థన విచిత్రమైనది. కాపాడమని అడగలేదు. దేవుడు తమకు సాయం చేయలేని స్థితిలో ఉన్నాడనీ, తామే ఆయనకు సాయపడాలనీ, గుండెలో ఆయనకున్న కాస్త చోటును కాపాడుకోవాలనీ రాసింది.

1943 జూన్‌లో వెస్టర్‌బోర్క్ శిబిరానికి చివరిసారి వెళ్లేముందు మమ్మల్ని స్నేహితురాలు మరియా టాయిన్‌జింగ్ చేతిలో పెట్టింది. మొత్తం పదకొండు పుస్తకాలు; ఏడోది దొరకనే లేదు. సెప్టెంబర్ 7న ఆ శిబిరం నుంచి కదిలిన రైలులోంచి ఆమె విసిరిన కార్డు రైతులకు దొరికితే పోస్టు చేశారు. ఆ రైలు ఆష్‌విట్జ్‌కు వెళ్లింది. నవంబర్ 30 ఆమె మరణదినంగా నమోదైంది.

మేం అచ్చులోకి వచ్చింది 1981లో. ఆ తర్వాత కళాకారులు వరస కట్టారు. ఆమె చదువుకున్న డెవెంటర్ ఊళ్లో 1985లో స్మారక శిల్పం వెలిసింది. అమెరికన్ నటి సూసన్ స్టీన్ మా మాటలతో ఏకపాత్ర నాటకం కట్టి జైళ్లలో కూడా ఆడింది. దర్శకుడు హగాయ్ లెవీ టీవీ సిరీస్ తీసి, కథను ఇవాళ్టి అమ్‌స్టర్‌డామ్‌లో నడిపాడట.

నాకు వీటిలో ఏది నచ్చుతుంది? జపాన్ చిత్రాలంటే ఎట్టీకి మోజు. పెద్ద ఖాళీలో ఒకే ఒక కొమ్మ. ఆ ఖాళీకి విలువ తెచ్చేటన్ని మాటలే తానూ రాయాలని కోరుకుంది. మా పేజీల్లో అలా కుదరలేదు, వాగుడు ఎక్కువే! అందుకే నిండుగా సంగీతం పోసి కన్నీళ్లు పిండే పని కంటే, నటి కాసేపు మాట ఆపి నిలబడే పనికే నా ఓటు. కాలం మార్చినా నాకు అభ్యంతరం లేదు. ఆస్పిరిన్ మాత్రలు మాత్రం కత్తిరించకండి.