సాండ్‌బాక్స్‌లోనే కాపురం పెట్టండి

రోజూ సాండ్‌బాక్స్ లేని బిల్డ్‌తో హాయిగా పని చేసుకుని, మ్యాక్ ఆప్ స్టోర్‌కి పంపేముందు సాండ్‌బాక్స్ తగిలించమంటారు అందరూ. నా సలహా దీనికి తలకిందులు. మొదటి రోజు నుంచీ సాండ్‌బాక్స్‌లోనే రాయండి, అందులోనే విసుక్కోండి. స్వేచ్ఛ ఉన్న బిల్డ్‌ని శనివారం ఒకసారి తీస్తే చాలు.

రాయ్‌పూర్ పండ్రిలో శుభలేఖలు వేసే ఒక డీటీపీ షాపుకి, కృతిదేవ్ ఫాంటులో ఉన్న హిందీని యూనికోడ్‌లోకి మార్చే చిన్న మ్యాక్ ఆప్ చేసిచ్చాను. 2012 జూన్ నుంచి మ్యాక్ ఆప్ స్టోర్‌కి సాండ్‌బాక్స్ తప్పనిసరి కదా, చివర్లో పెట్టి పంపాను. మొదటిరోజు బాగానే నడిచింది. మర్నాడు పొద్దున్నే ఫోను: "భయ్యా, కల్ వాలీ ఫైల్ కహాఁ గయీ?" (నిన్నటి ఫైలు ఎక్కడికి పోయింది?) నేను సొంతంగా కట్టిన ‘ఇటీవలి ఫైళ్లు’ జాబితాలో ఒక్క శుభలేఖా తెరుచుకోవడం లేదు. ఓపెన్ డైలాగ్‌లో ఎంచుకున్న ఫైలుకి దొరికే అనుమతి ఆప్ మూసేదాకానే. ఆ తర్వాతా కావాలంటే సెక్యూరిటీ స్కోప్డ్ బుక్‌మార్క్ దాచుకోవాలి. నేను దాచింది ఒట్టి పాత్. నా మెషీన్‌లో సాండ్‌బాక్స్ ఉండుంటే ఈ తప్పు నాకు రెండోరోజే దొరికేది. పెళ్లివారి ముందు ఆ షాపాయన తలదించుకున్నది నా వల్లే.

ఇక రెండు బిల్డ్‌ల సంగతి: ఎక్స్‌కోడ్‌లో టార్గెట్ ఒకటే ఉంచండి, కాన్ఫిగరేషన్లు రెండు. ముఖ్యమైన తేడా మూడిట్లోనే ఉండాలి: ఎంటైటిల్‌మెంట్స్ ఫైలు, బండిల్ ఐడీ, కంపైల్ ఫ్లాగ్. ఐడీ ఒకటే పెట్టి సెట్టింగ్స్ కలిపేద్దామని ఆశపడకండి. సాండ్‌బాక్స్ ఆప్‌వి లైబ్రరీలోని కంటైనర్స్ కిందకి, రెండోదానివి ప్రిఫరెన్సెస్ కిందకి పోతాయి. బయట ఇచ్చే బిల్డ్‌కి డెవలపర్ ఐడీ సంతకం, నోటరైజేషన్ మరవకండి.

ఫ్లాగ్‌ని మాత్రం కోడంతా చల్లొద్దు. నా బయటి బిల్డ్‌లో అదనంగా ఉన్నది ఒక్కటే: మార్చిన అక్షరాల్ని యాక్సెసిబిలిటీ ద్వారా వేరే ఆప్‌లోకి నేరుగా ఎక్కించడం. సాండ్‌బాక్స్ అది ఒప్పుకోదు. ఆ పనంతా ఒకే ఫైల్లో ఉంది. ఇంకోటి చేర్చాలనిపిస్తే, ముందు అది సాండ్‌బాక్స్ లోపల కుదురుతుందేమో వారం పోరాడండి. బీబీఎడిట్ లాంటి పెద్ద ఎడిటరే 2014లో స్టోర్ వదిలి, 2019లో సాండ్‌బాక్స్‌తో తిరిగొచ్చింది.

ఐకాన్ల రంగులూ వేరు చేయండి. షాపులో ఇప్పుడు రెండూ ఉన్నాయి, ఆకుపచ్చది స్టోర్‌ది, నారింజది బయటిది. ఫోనొస్తే నేను మొదట అడిగేది రంగే.