పెదాలు న్యూజెర్సీవి, గొంతు అమీర్‌పేటది

సౌండ్ ఎక్కడ మోగాలని విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ముందే అడుగుతుంది. ఈ కంప్యూటర్లోనా, అవతలి కంప్యూటర్లోనా, అసలు వద్దా? మైక్రోసాఫ్ట్ వాళ్లు అమాయకులు. బుర్ర ఎక్కడ పనిచేయాలి, జీతం ఎక్కడ పడాలి అని కూడా అడిగి ఉంటే అమీర్‌పేటలో సగం తలనొప్పి తగ్గేది.

చివరి మెట్రో పంజాగుట్ట దాటిపోయాక కూడా మైత్రీవనం వెనక సందుల్లో, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పిల్లలు చదువుకుంటున్నారని కొత్తగా వచ్చినవాళ్లు మురిసిపోతారు. చదువు పగలే ఆదిత్య ఎన్‌క్లేవ్ కోచింగ్ సెంటర్లలో అయిపోయింది నాయనా, ఇది జాబ్ సపోర్ట్. అక్కడ న్యూజెర్సీలో మన సుపుత్రుడు ఏడేళ్ల అనుభవమున్న రెజ్యూమేతో ఉద్యోగంలో చేరాడు. ఆ ఏడేళ్లనూ ఇక్కడే ఓ వారంలో వండి వడ్డించారు. పొద్దున తొమ్మిదింటికి అతను ల్యాప్‌టాప్ తెరిస్తే మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలమైతే ఏడున్నర. ఇక అక్కణ్ణుంచి అతని మౌస్‌ను కదిపేది ఇక్కడి కుర్రాడే.

అన్నీ కుదిరితే ఇదీ ఓ కళే. కుదరనివల్లా బొమ్మ, శబ్దం. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి సిగ్నల్ పోయి రావడానికి సెకనులో ఐదో వంతు దాటుతుంది. మామూలు కబుర్లలో అది ఎవరికీ పట్టదు. ఒకడు పెదాలు కదుపుతుంటే ఇంకొకడు జవాబు చెప్పే ప్రాక్సీ ఇంటర్వ్యూలో మాత్రం జవాబు సగంలో ఉండగానే అభ్యర్థి నోరు మూసేస్తాడు.

"అన్నా, నీ వాయిస్ కట్ అవుతోంది."

"బ్లూటూత్ హెడ్‌సెట్టా? మైక్ ఆన్ చేస్తే దాని క్వాలిటీ పడిపోతుంది తమ్ముడూ. వైరున్నది పెట్టుకో."

"వైరు కెమెరాలో కనపడుద్దన్నా!"

సినిమావాళ్లే నయం. ఎన్టీఆర్‌కు ఘంటసాల పాడితే టైటిల్స్‌లో ఆయన పేరు వేశారు.

ఇక నల్ల తెర. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే పెట్టె రాగానే విండోస్ ఆ తెరను విడిగా దాచేస్తుంది, స్క్రీన్ షేర్లో చూసేవాడికి అంతా చీకటి. ఇక్కడివాడు ఎంత ఘనుడైనా సరే, ఆ బటన్ మాత్రం అక్కడివాడే నొక్కాలి. ఏడేళ్ల అనుభవం సొంతంగా చేసే పని అదొక్కటి. అదీ ఏ బటనో ఫోన్లో చెప్పాక.

అక్కడ రెండు భారీ మానిటర్లు, ఇక్కడ పదిహేను అంగుళాల ల్యాప్‌టాప్. తెర ఈడ్చుకుంటూ వస్తుంటే రంగులు 16 బిట్లకు దించాలి, వాల్‌పేపర్ తీసేయాలి. ఆ వాల్‌పేపర్లో సుపుత్రుడు కొత్త టెస్లా పక్కన నిలబడి ఉంటాడు. బొమ్మ తీసేస్తే బ్యాండ్‌విడ్త్ మిగులుతుంది గానీ కుర్రాడి కళ్లమంటకు సెట్టింగ్ లేదు.

సొమ్మొకడిది సోకొకడిది అన్న పెద్దమనిషి ఇంటర్నెట్ చూడకుండానే ఎంత కచ్చితంగా చెప్పాడు! పని వచ్చినవాడికి వీసా రాలేదు, వీసా వచ్చినవాడికి పని రాలేదు. 2025 సెప్టెంబర్లో ట్రంప్ కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము పెట్టాడు. మనిషి దిగాలంటే లక్ష డాలర్లు, అతని బుర్ర కేబుల్ మీద రావాలంటే నెలకు కొన్ని వేల రూపాయలు. పాపం, ఆయనకు అమీర్‌పేట రేట్లు ఎవరూ చెప్పినట్టు లేదు. పగలు అరకొరగా నేర్పిన సందుల్లోనే రాత్రి ఆ అరకొరకు మందు అమ్ముతున్నారు. రెండుసార్లూ ఫీజు ముందే కట్టాలి.

కంపెనీలకూ మెల్లగా మెలకువ వస్తోంది. ముఖం అసలుదో కాదో తేల్చుకోవడానికి దాని ముందు చెయ్యి ఊపమంటున్నాయి, ఒక్క రౌండుకైనా ఎదురుగా వచ్చి కూర్చోమంటున్నాయి. దానికీ ఈపాటికి ఆదిత్య ఎన్‌క్లేవ్ నీలగిరి బ్లాక్ మెట్ల మీద కరపత్రం పంచుతూనే ఉంటారు: ముఖాముఖి ఇంటర్వ్యూకు ప్రత్యేక శిక్షణ, వారం రోజుల కోర్సు, డెమో ఉచితం. డెమో ఆన్‌లైన్లోనే లెండి.