చీజ్ మురుకులు, అత్తగారి తీర్పు

మురుకుల గొట్టంలో నక్షత్రం బిళ్ల ఎందుకుందని తెలుగింట ఎవరూ అడగరు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల అవ్వలకూ ఆ సందేహం వచ్చినట్టు లేదు. అక్కడ పెళ్లి విందులకూ క్రిస్మస్‌కూ 'చీజ్ స్ట్రాస్' ఉండాల్సిందే. మైదా, వెన్న, తురిమిన చెడ్డార్ చీజ్, కాస్త మిరప్పొడి కలిపి, గొట్టంలో పెట్టి నక్షత్రం బిళ్లలోంచి ఒత్తి, ఓవెన్‌లో కాలుస్తారు. చూపుకు అవి విరిగిన మురుకు ముక్కలే. ఒహాయోలోని డేటన్‌లో 1921లో చీజ్-ఇట్ బిస్కెట్లు పుట్టి, ఈ రుచిని ఫ్యాక్టరీకి ఎక్కించాయి.

తిరువళ్లూరు జిల్లా కాట్టుపల్లిలో ఒక తెలుగింటి కోడలు ఇదంతా తెలుసుకుని, గొట్టం ఎలాగూ ఇంట్లో ఉందిగా అని ధైర్యం చేసింది. ఆ జిల్లాలోని తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు జరిగింది గానీ మురుకుల గొట్టాలు జరగలేదు.

"నూనె పెట్టకుండా మురుకులేందమ్మా?" అన్నారు అత్తగారు.

"కాలుస్తాను అత్తా."

"రొట్టెనా, కాల్చడానికి?"

తర్వాత విచారణ చీజ్ మీదికి మళ్లింది. పాలను విరిచే రెనెట్‌ను పూర్వం దూడ పొట్టలోంచి తీసేవారని ఆవిడ ఎక్కడో విన్నారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో తయారైన రెనెట్ వాడుతున్నారని కోడలు చెబితే సరిపోలేదు. కళ్లద్దాలు తెప్పించుకుని, డబ్బా మీద ఆకుపచ్చ చుక్కను వేలితో తడిమి చూశాకే వంటగదిలోకి అనుమతి దొరికింది.

కొలతలు తేలికే. కప్పు మైదా, రెండు చెంచాల బియ్యప్పిండి, 60 గ్రాముల వెన్న, 100 గ్రాముల చీజ్, అంటే 25 గ్రాముల క్యూబులు నాలుగు. కారం, నలిపిన వాము. ఉప్పు మాత్రం వేయకూడదు, చీజ్‌లో ఉన్నదే చాలు. ఈ ఒక్క మాట అత్తగారికి మింగుడుపడలేదు. ఉప్పు లేని పిండి ఆ ఇంట్లో అంతవరకూ గొట్టం ఎక్కలేదు.

అసలు పరీక్ష తురుము దగ్గర. మన ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వు, నీరు విడిపోకుండా సోడియం లవణాలు కలుపుతారు. అందుకే మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నపు ఉక్కలో తురుముపీటకు అంటుకుని కదలనని మొండికేస్తుంది. అరగంట ఫ్రీజర్‌లో పెడితే దారికొస్తుంది. సన్నగా తురమకపోతే బిళ్ల కన్నాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు గొట్టం పట్టుకున్నవాళ్ల మొహం చూడాలి.

వెన్నను పొడి పిండికి పట్టించి, చివర్లో రెండు చెంచాల చన్నీళ్లతో ముద్ద చేయాలి. పిండిని కొవ్వు పొదివి పట్టుకుంటే గోధుమలోని గ్లూటెన్ సాగదు, గుల్లగా వస్తాయి. దీన్ని పాశ్చాత్య వంట పుస్తకాలు పేరాలకు పేరాలు వివరిస్తాయి. "మురుకుల పిండిలో వెన్న వేసేది అందుకే కదా" అని అత్తగారు ఒక్క ముక్కలో ముగించారు.

180 డిగ్రీల దగ్గర పావుగంట పైచిలుకు. బాణలి అయితే ఒకటి వేసి, నురగ తగ్గేదాకా చూసి, తిప్పి, ఉప్పో కారమో సరిచేసుకోవచ్చు. ఓవెన్ అద్దం ముందు అత్తగారు జల్లిగరిటె పట్టుకుని నిలబడ్డారు, దానికి చేయడానికి పనేమీ లేకపోయినా.

మొదటి వాయి అంచుల్లో ఎర్రగా, మధ్యలో మెత్తగా వచ్చింది. ప్రాసెస్డ్ చీజ్‌లో దాదాపు సగం నీరే. అది పోయేదాకా కరకర రాదు. మంట తగ్గించి మరో పది నిమిషాలు ఆరబెడితే వచ్చింది. చల్లారాక అత్తగారు ఒకటి విరిచి, శబ్దం విని, నమిలి, "బాగానే ఉండాయి, కానీ చీజు కొంచెం తగ్గించి పుట్నాల పొడి వెయ్యి" అన్నారు.

రెండోసారి క్యూబులు మూడు, పుట్నాల పొడి రెండు చెంచాలు. తర్వాత నువ్వులు చేరాయి, ఇంకో క్యూబు వెళ్లిపోయింది. ఈ లెక్కన పొంగలి నాటికి చీజ్ వాసనకే మిగిలేలా ఉంది. అత్తగారు అప్పుడే నూనె డబ్బా వైపు చూస్తున్నారు.