జాయింట్ ఖాతాలో మిరపకాయ బజ్జీ

రొక్కంలో నాకు నచ్చే సుగుణం ఒక్కటే: దానికి నోరు లేదు. జేబులోంచి నోటు తీసి బజ్జీల బండి అతని చేతిలో పెడితే అక్కడితో సరి. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో, ఆ తర్వాత ఎవరి మూతికి నూనె అంటిందో ఆ నోటు ఎవరికీ చెప్పదు. నా కాపురం చాలాకాలం ఆ మౌనం మీదే సాఫీగా నడిచింది. నాకు షుగరుంది. నూనె వస్తువులు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. మిరపకాయ కూరగాయే కదా అని నా వాదన.

2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వాళ్లు యూపీఐ తెచ్చారు. ఆ ఏడాదే నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. మర్నాడు మా ఆవిడ పోపులడబ్బా అడుగు నుంచి, మినప్పప్పు డబ్బాలోంచి, పాత పట్టుచీర మడతల్లోంచి నోట్లు తీసి టేబుల్ మీద పేర్చింది. అన్నీ ఇంగువ వాసన. ఒక నోటు మీద గాంధీగారి బుగ్గన పసుపు మరక. "ఇదంతా ఎప్పుడు దాచావే?" అంటే, "మీరు లెక్క అడగనప్పుడల్లా" అంది. ఇంటింటా ఆడవాళ్ల పోపులడబ్బా నిధులు బయటపడుతుంటే, బ్యాంకు క్యూలో మగవాళ్లం దాని మీద జోకులు వేసుకుని పడీపడీ నవ్వాం. ఆ నవ్వుకి ఇప్పుడు వడ్డీ కడుతున్నాను.

ఆ సొమ్ము జాయింట్ ఖాతాలో వేశాం. నా జీతమూ అందులోకే. మెసేజీలు ఇద్దరికీ రావాలని ఫోన్ నంబర్లు రెండూ నేనే రాసిచ్చాను. ఫారం మీద 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' అని ఉంది. ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు అని అర్థమట. మిగిలేది ఎవరో మెసేజీలు మొదలయ్యాక తెలిసింది.

బజ్జీల బండికి క్యూఆర్ కోడు వచ్చింది. దాన్ని 1994లో జపాన్లో డెన్సో వేవ్ కంపెనీ ఇంజనీరు మసహిరో హారా తయారుచేశారు, కార్ల విడిభాగాల జాడ కనిపెట్టడానికి. ఇప్పుడది మొగుళ్ల జాడ కనిపెడుతోంది. స్కాన్ చేసి పిన్ కొట్టగానే బండి మీది డబ్బా "నలభై రూపాయలు అందాయి" అని వీధి చివరిదాకా వినిపించేలా అరుస్తుంది. అంతకంటే ముందే ఇంట్లో మా ఆవిడ ఫోను టింగుమంటుంది.

ఒక సాయంత్రం మూతి శుభ్రంగా తుడుచుకుని, నోట్లో యాలక్కాయ వేసుకుని ఇంటికొచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఫోను చూస్తోంది.

"ఏమండీ, రోజూ ఆరింటికి ఎవరో దేవిగారికి నలభై రూపాయలు పంపుతున్నారు. ఎవరావిడ?"

బండి అతని క్యూఆర్ కోడు వాళ్లావిడ ఖాతాదని నాకు అప్పుడు వెలిగింది. ఒక నేరం నేను చేయలేదని రుజువు చేసుకోవాలంటే రెండోది ఒప్పుకోవాలి. పరస్త్రీయా, మిరపకాయ బజ్జీయా? దేనికి శిక్ష తక్కువో తూచుకుంటూ నిలబడ్డాను.

"ఆలోచించకండి. మీకంత సీన్ లేదని నాకు తెలుసు. ఎన్ని బజ్జీలు తిన్నారు?"

అనుమానించి ఉన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

తర్వాత నేను చేసిన పోరాటం నలుగురికీ చెప్పుకునేది కాదు. 2024లో ఒక పెద్ద బ్యాంకు నూరు రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు ఎస్సెమ్మెస్‌లు ఆపేసింది. మాది ఆ బ్యాంకు కాదు. 2022లో వచ్చిన యూపీఐ లైట్ సంగతి ఆలస్యంగా తెలిసింది. అందులో కొంత సొమ్ము ముందే వేసుకుంటే, చిన్న చిన్న ఖర్చులకు పిన్ అక్కర్లేదు, అవి పాస్‌బుక్కులో విడివిడిగా పడవు. నా కోసమే కనిపెట్టారనుకుని ఐదొందలు వేశాను. ఆ వేసినందుకు మెసేజీ వెళ్లింది. "ఒకేసారి ఐదొందల బజ్జీలా!" అంటూ ఫోను. ఏటీఎంలో తీసినా మెసేజీయే. చివరికి పక్కింటి మాస్టారికి ఫోన్లో డబ్బు పంపి, దానికి 'పాల బాకీ' అని రాసి, ఆయన దగ్గర నోట్లు తీసుకునే స్థితికి దిగజారాను. మాస్టారికి పాడి లేదు. ఆ సంగతి మా ఆవిడకీ తెలుసు.

యూపీఐని తిట్టడం నా ఉద్దేశం కాదు. చిల్లర లేదని కిరాణా కొట్టతను చేతిలో చాక్లెట్టు పెట్టే రోజులు పోయాయి. (ఆ చాక్లెట్లూ నేనే తినేవాణ్ణి.) గంగిరెద్దు నుదుట క్యూఆర్ కోడు కట్టిన వీడియోని 2021 నవంబరులో కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామనే ట్విటర్లో పెట్టారు. బసవన్న తలూపితే దేశమంతా మురిసిపోయింది. నేనూ మురిశాను. కానీ మా తాత గంగిరెద్దులవాడికి ఎంతిచ్చాడో మా నాయనమ్మకి తెలిసే దారి లేదు. నేనిస్తే తారీఖు, టైముతో సహా తెలుస్తుంది. ఇళ్లల్లో పెద్ద మోసాలు ఎప్పుడూ తక్కువే. కాపురాలను కాపాడింది ఈ నలభై రూపాయల అబద్ధాలే. ఆవిడ పోపులడబ్బా, నా చొక్కా జేబూ ఒకదాన్నొకటి తనిఖీ చేయకుండా అన్నేళ్లు గడిపాయి. ఇప్పుడు జేబుకి మాత్రమే తనిఖీ. పోపులడబ్బాకి విడిగా ఖాతా ఉంది, దాని మెసేజీలు నాకు రావు. అడగబోతే ఆవిడ చూసిన చూపుకి, ఉప్పు తగ్గిందా అని అడిగి ఊరుకున్నాను.

ఎడిటరుగారికి ఒక విన్నపం. ఈ వ్యాసానికి పారితోషికం ఇచ్చే ఉద్దేశం ఉంటే, దయచేసి బ్యాంకులో వేయకండి. ఆఫీసుకొచ్చి నోట్లే తీసుకుంటాను.