ఉప్పుగాలిలో లావెండర్: పెరటితోటకు పక్కా సలహాలు

బందరులోనో గుడివాడలోనో, లేదంటే అవనిగడ్డ దాటాక కోడూరు, నాగాయలంక వైపో కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే ఆకుమొక్కలు, నేలంతా పచ్చగా కప్పేసే పాకుడు మొక్కలు ఏవి మంచివి? జవాబు సులువు. ఫోన్లో చూసి ఎంచుకోండి. ప్రహరీ అవతల ఏం పెరుగుతోందో పొరపాటున కూడా తొంగిచూడకండి. అక్కడున్నది కలుపు, ఫోన్లో ఉన్నది తోట.

లావెండర్, రోజ్‌మేరీ, థైమ్‌లతో మొదలుపెట్టండి. ఇవి మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాతినేలల్లో పుట్టినవి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, వేళ్ళ దగ్గర నీరు నిలవదు. మనకూ సముద్రం ఉందిగా, చాలు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా గుడివాడ రేగడిలో పాదులు బంకబంకగా తయారై వేళ్ళు కుళ్ళిపోతే నర్సరీవాణ్ణి తిట్టండి. చలికాలం రాగానే మళ్ళీ కొనండి. కడియం వైపు నుంచి మొక్కల వ్యాన్లు వస్తూనే ఉంటాయి. ఏటేటా కొంటూ పోతే తోట ఏళ్ళ తరబడి ఉన్నట్టే.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దివిసీమలో చాలా ఊళ్ళలో బోరు వేస్తే వచ్చేవి ఉప్పునీళ్ళే. పరీక్ష చేయించాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికి సంచెడు మట్టి, సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళారనుకోండి, ఉప్పు ఎంతుందో ఒక అంకె తేలుతుంది. మట్టిలో అది మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఉప్పునేల కింద లెక్క. అంకె తెలిశాక మొక్కల్ని దానికి తగ్గట్టు ఏరుకోవాలి, ఇక కొనడంలో సరదా ఏముంటుంది?

వేసవిలో కాలువ కట్టేశాక, మిట్టమధ్యాహ్నం, మొక్కకు చెంబెడు చొప్పున బోరు నీళ్ళు పోయండి. వేళ్ళ అడుక్కి దిగేలా ఒక్కసారే తడపొద్దు, ఉప్పు కూడా దాంతోపాటు కిందికి దిగిపోతుంది. కొంచెం కొంచెంగా పోస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైనే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు మట్టి మీద తెల్లగా పొర కడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. అది బలం చాలక అనుకుని గుప్పెడు డీఏపీ వేయండి. రాలిన ఆకులు పాదుల్లో పరిస్తే నేల చల్లగా ఉండి ఉప్పు అంతగా పైకి రాదు, కనక పొద్దున్నే ఊడ్చి తగలబెట్టేయండి. వానాకాలంలో డాబా మీది నీళ్ళకు గొట్టం పెట్టి నేరుగా వీధి కాలువలోకి వదలండి. ఆ చప్పటి నీళ్ళు పెరట్లోకి చేరాయా, మీరు వేసవంతా కూడబెట్టిన ఉప్పు కడుక్కుపోతుంది.

ఇక ఏరివేత. కుళాయి కింద, బావి పళ్ళెం పక్కన, ఎవరూ నాటకుండా వచ్చేవి కొన్ని ఉంటాయి. పొన్నగంటి కూర కణుపు కణుపుకూ వేళ్ళు దింపి తడినేలను కప్పేస్తుంది, కోసిన కొద్దీ చిగురిస్తుంది. పొద్దున దాన్ని వేళ్ళతో సహా పెళ్ళగించి, సాయంత్రం రైతుబజారులో రెండు కట్టలు కొనుక్కోండి. సరస్వతి ఆకు నీడపట్టున చాపలా పరుచుకుంటుంది. దాన్ని పారతో చెక్కేసి, పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందని దాని పొడే డబ్బాలో తెచ్చుకోండి. గుంటగలగరనూ పీకి గోడవతల పారేసి, బందరు కోనేరు సెంటరుకు వెళ్ళి భృంగరాజ తైలం సీసా అడగండి. సీసా మీది బొమ్మ ఎక్కడో చూసినట్టు అనిపించినా షాపులో పైకి అనకండి.

పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీంచి వాము ఆకు కొమ్మ అందిస్తారు. “కుండీలో గుచ్చమ్మా, అదే బతుకుతుంది. వాన పడ్డ రోజు బజ్జీలు వేసుకోవచ్చు” అంటారు. మర్యాదగా వద్దనండి. ఊరికే వచ్చిన మొక్కను చుట్టాలకు చూపించి ఎంత పెట్టి కొన్నామని చెప్తాం? నిమ్మగడ్డి దుబ్బూ అంతే. వట్టివేరు మరీ మొండిఘటం. వేళ్ళు నిలువునా రెండు మూడు మీటర్లు దిగి గట్టును పట్టేస్తాయి. నీళ్ళు నిలిచినా, కొంత ఉప్పున్నా ఓర్చుకుంటుంది. బోదె పక్కన మీ స్థలం కోసుకుపోతుంటే సిమెంటు పోయించండి, ఏడాదికోసారి పగుళ్ళు పూడ్చుకోవచ్చు.

సముద్రం దగ్గరున్నవాళ్ళకు ఇంకో మాట. మంగినపూడిలో, హంసలదీవిలో ఇసుక మీద ఊదా పూలతో బాలబంద తీగ పాకుతుంది. ఉప్పుచెలకల అంచున ఎర్రకాడల వంగరెడ్డి కూర కనిపిస్తుంది. ఉప్పుగాలినీ ఎండనూ తట్టుకుని, ఎగిరే ఇసుకను పట్టి ఉంచే మొక్కలివి. నర్సరీలో దొరకవు కనక లెక్కలోకి రావు.

చిరివేరుతో మరీ జాగ్రత్త. ఇసుక నేలల్లో జానెడు ఎత్తున, సన్నాకులతో, చిన్న చిన్న తెల్లపూలతో ఒదిగి ఉంటుంది, చూస్తే ఏమీ అనిపించదు. కానీ 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో కొట్లు పెట్టింది ఇక్కడి అద్దకం బట్టల కోసం. ఆ బట్టల మీది ఎరుపు దీని వేరులోనిదే. గుల్లలు కలిసిన ఇసుకలో పెరిగిన వేరు ఎర్రగా పండుతుందని ఈ తీరపు చిరివేరుకు గిరాకీ ఉండేది. 1869 తరవాత అదే ఎరుపును జర్మనీ ఫ్యాక్టరీలు తయారుచేసి చవగ్గా అమ్మాయి. వేరు తవ్వేవాళ్ళ బతుకుతెరువు పోయింది. అద్దకం మాత్రం పెడనలో ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి మొక్క పెరట్లో ఉంటే వచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెప్పలేక చావాలి. టైల్స్ పరిపించండి.

టైల్స్ వద్దు, పచ్చగానే ఉండాలంటే ఉన్న గరిక మీద గడ్డిమందు కొట్టించండి. వినాయక చవితికి గరిక బజార్లో దొరుకుతుంది. పైన ఎర్రమట్టి మెరక తోలించి కొరియన్ గడ్డి వేయించండి. అది కాలువ కట్టేసిన నెలల్లో ఎండిపోతుంది. అప్పుడు వెడీలియా తెచ్చుకోండి. పసుప్పచ్చ పూలు, నున్నని ఆకులు. నీడైనా ఎండైనా, తడైనా ఉప్పైనా సరే అంటుంది. కణుపు తగిలిన చోటల్లా వేళ్ళేస్తుంది, దాని కింద ఇంకోటి మొలవదు. ఇలా అందానికని వచ్చినవి ఇంతకుముందూ ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో లంటానాను కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. ఆ శతాబ్దం చివర్లో ఊదా పూలు బాగున్నాయని గుర్రపు డెక్కను బెంగాల్‌కు తెచ్చారు. పరాయి నేలల్ని ఆక్రమించే అతి చెడ్డ జీవజాతులు వంద ఏరి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఒక జాబితా వేసింది, అందులో ఈ మూడూ ఉన్నాయి. అంత పేరున్న మొక్కలు ఊరికే దొరుకుతాయా?

వెడీలియా గోడ దాటితే కత్తిరించి, ఆ కొమ్మల్ని ఎండబెట్టకుండా పచ్చిగానే తట్టలో వేసి కాలువగట్టున పారబోయండి. బందరు కాలువలో డెక్క ఎటూ ఉంది, గట్టు మాత్రం ఖాళీగా ఎందుకు? జూన్‌లో నీళ్ళు వదిలేలోపు ఈ పని ముగించుకోండి. తరవాత ఎవరూ మోయక్కర్లేకుండానే కొమ్మలు శివారు ఆయకట్టు దాకా చేరతాయి.